దిగినవాళ్లు పలకాలి

ఎస్కలేటర్ మీద నిలబడి దిగుతున్నాను, దిగుతూనే ఉన్నాను, నేను రోజూ డ్యూటీకి వచ్చే స్టేషనే ఇది, గోడల మీద అవే తెల్ల టైల్సు, పైన అవే పొడుగాటి లైట్లు, కానీ సగం దూరం వచ్చాక టైల్సు అయిపోయి నల్లరాతి కట్టడం మొదలవుతుంది, రాళ్ల సందుల్లోంచి పిచ్చిమొక్కలు తలలు బయటపెట్టి ఉంటాయి, నా అరచేతి కింద రబ్బరు పట్టీ ఉండాల్సిన చోట గరుకుగా మోకుతాడు తగులుతుంది. అయినా నాకు ఆశ్చర్యం వేయదు. మెయింటెనెన్స్ వాళ్లు మళ్లీ ఏదో మార్చేశారు, మాకు ఒక్క మాట చెప్పి చావరు అని మాత్రం విసుక్కుంటాను. బెంగళూరులో భూమి కింద ఇంత పెద్ద స్టేషన్ కట్టినవాళ్లకు డ్రైవర్లతో ఒక ముక్క చెప్పడానికి మాత్రం తీరిక ఉండదు.

కిందికి వచ్చేసరికి ప్లాట్‌ఫారం మీద ఒక్క మనిషే ఉన్నాడు. స్టీలు బెంచీ మీద రెండు కాళ్లూ పైకి పెట్టుకొని, తలకు ఎర్ర తువాలు చుట్టుకొని, ఒళ్లో ఉడకబెట్టిన శనక్కాయలు పోసుకొని వలుచుకు తింటున్నాడు. తొక్కలు కింద పారేయకుండా పంచె కొంగులో వేసుకుంటున్నాడంటే సెక్యూరిటీ వాళ్లు అప్పటికే ఒకసారి కోప్పడి ఉంటారు. మా ఓబులేసు మామ. మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, చిలమత్తూరు చుట్టుపక్కల ఊళ్లలో బతుకంతా బావులు తవ్విన మనిషి, పోయిన ఎండాకాలం మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద వాలి, మళ్లీ లేవని మనిషి. మేమే తీసుకుపోయి మట్టిలో పెట్టి వచ్చాం. ఆ సంగతి నాకు గుర్తుంది, ఆయనకూ గుర్తున్నట్టే ఉంది, కానీ ఎవరమూ దాని మాట ఎత్తం, చాన్నాళ్లకు కలిసిన చుట్టాలు వస్తూనే అలాంటివి మాట్లాడుకోరు కదా.

"వచ్చినావా కోడలా? కూసోని కూసోని నడుము పట్టకపాయె. ఏం బెంచీలే ఇవి, ఇనప బెంచీలు, కుండలో నీళ్ల మాదిరి సల్లగుండాయి."

"నువ్వు ఎప్పుడొచ్చినావు మామా? టికెట్టు తీసుకున్నావా?"

నా నోట మొదట వచ్చే మాట అదే. ఏడాదిగా చూడని మనిషి ఎదురుగా కూర్చుంటే నేను అడిగేది టికెట్టు గురించి. ఆయన పడీ పడీ నవ్వుతాడు, నవ్వితే ముందుపన్ను లేని సందు కనబడుతుంది.

"నా కోడలు తోలే బండికి నేను టికెట్టు తీయాల్నా?"

"తీయాల. అందురూ తీయాల. లేకుంటే నా ఉద్యోగం పోతాది."

"పోతే పోనీలే. గడ్డపార ఇస్తా, నాతోపాటు వద్దువు."

పక్కన చోటు చేసి గుప్పెడు శనక్కాయలు నా చేతిలో పోస్తాడు. ఇంకా వెచ్చగా ఉన్నాయి, ఉప్పు సరిగ్గా పట్టింది. డ్యూటీ డ్రెస్సులో ప్లాట్‌ఫారం మీద తినకూడదు, నేను తింటాను. ఎదురు గోడ మీద స్టేషన్ పేరు రాసిన బోర్డు ఉంది, కన్నడంలో ఏదో ఉంది, నేను చదివేలోగా అక్షరాలు సర్దుకొని తెలుగులో 'ఓబులేసు బావి' అని కూర్చుంటాయి, నేను ఇంకోసారి చూస్తే సిగ్గుపడినట్టు మళ్లీ కన్నడంలోకి పోతాయి.

"నన్ను చేసుకోని ఉంటే నీకు ఈ రాతుండునా, ఇట్ల నేలమాళిగల్లో ఒంటిగా తిరిగేది?" అంటాడు మామ, బోర్డు తన పేరు మీద ఉన్నందుకు కాస్త గర్వంగా మీసం దువ్వుతూ.

ఇది ఆయన పాత పాట. మా వైపు మేనమామ మేనకోడల్ని చేసుకోవడం ఉన్నదే, కానీ నేను పుట్టేసరికే ఆయనకు ఈరక్కత్తతో పెళ్లయిపోయింది. అయినా సరే, తనకు రావాల్సిన పెళ్లికూతుర్ని ఆలస్యంగా కని మా అమ్మ అన్యాయం చేసిందని ఊరంతా చెప్పుకు తిరిగేవాడు. నాకు ఊహ తెలిసే వయసులో ఆ మాటకు ఏడుపొచ్చేది, తర్వాత కోపం వచ్చేది, ఆ తర్వాత ఆయన ఎప్పుడంటాడా అని చూసేదాన్ని.

"ఈరక్కత్తకు చెప్తా, ఉండు."

"సెప్పుకోపో. ఆయమ్మ నా మీద అలిగే కాలం అయిపాయె." ఒక శనక్కాయను వలిచి, తినకుండా చేతిలోనే దొర్లిస్తాడు. "బాగుండాదా?"

"బాగుండాది. నీ ఎర్ర తువాలు ఉతకకుండా పెట్టుకునింది. తలగడ కింద."

మామ చెయ్యి తల మీది తువాలు మీదికి పోతుంది. అది ఇక్కడ ఎలా ఉంది, అక్కడ ఎలా ఉంది అని మా ఇద్దరికీ ఒక్కసారే అనుమానం వస్తుంది, ఇద్దరమూ దాన్ని పట్టించుకోము.

"వాసనొస్తాదే అది. ఉతకమని సెప్పు." చేతిలోని శనక్కాయను నోట్లో వేసుకుంటాడు. "వద్దులే. ఏం సెప్పొద్దు. అట్లనే ఉండనీ."

అప్పుడు సొరంగంలోంచి గాలి వస్తుంది. రైలు రాబోయే ముందు వచ్చే గాలే, రోజూ నా ముఖానికి తగిలేదే, కానీ ఇందులో తడిమట్టి వాసన ఉంది, కొత్తగా తవ్విన బావిలోంచి పైకి లేచే వాసన. వెనకాలే రైలు వస్తుంది, ఆగదు, డ్రైవర్ క్యాబిన్‌లో ఎవరూ లేరు, కిటికీలు ఒకదాని వెనక ఒకటి దాటిపోతూ ఉంటే నా అరచేతులకు చెమట పడుతుంది, శనక్కాయల తొక్కలు వేళ్లకు అతుక్కుంటాయి. రైలు పోయాక కూడా చాలాసేపు దాని చీకటి అక్కడే ఉండిపోతుంది.

"ఈ పొద్దే గదా?" అంటాడు మామ, నా వైపు చూడకుండా.

"ఈ పొద్దే. మధ్యాన్నం షిఫ్టు."

"పక్కన ఎవురూ ఉండరా?"

"ఉండరు. ఇన్ని దినాలూ ట్రైనింగ్ సార్ పక్కన నిలబడి చూస్తాండె. ఈ పొద్దు నేను ఒక్కదాన్నే."

ఆ మాట అన్నానో లేదో ప్లాట్‌ఫారం కాస్త చిన్నదవుతుంది, పైకప్పు కిందికి వస్తుంది. చెప్పాలంటే రైలు నడపడం నాకు భయం కాదు. వంతెన మీద, ఇళ్ల డాబాల పక్కన, కొబ్బరిచెట్ల మట్టలు దాదాపు చేతికందేంత దగ్గరగా పోతున్నప్పుడు నా అంత హుషారైన డ్రైవర్ ఇంకొకరు ఉండరు. అక్కడి నుంచి పట్టాలు వాలుగా దిగి సొరంగం నోట్లోకి పోయే చోటే నా ప్రాణం జారుతుంది. వెలుగు వెనక్కి పోతుంది, ముందు గుండ్రటి నలుపు, వెనక వెయ్యి మంది జనం, వాళ్లంతా ఫోన్లు చూసుకుంటూ నా చేతిని నమ్ముకొని కూర్చొని ఉంటారు, నా చెయ్యి మాత్రం వణకడానికి సిద్ధంగా ఉంటుంది. అందుకే ట్రైనింగ్ మొదలైనప్పటి నుంచీ నేనొక పని చేస్తున్నాను. సొరంగం నోటి దగ్గర, పక్కనున్న సార్‌కు వినబడకుండా, పెదాలు కదిపీ కదపక "మామా, ఉండావా?" అంటాను. అంతే. సొరంగం నిండా మనిషి ఉన్నట్టు అనిపిస్తుంది, చెయ్యి నిలకడపడుతుంది.

ఆ మాట నాకు ఎక్కడి నుంచి వచ్చిందంటే, మా మామ బావుల దగ్గరి నుంచే. బావి తవ్వకం మా వాళ్లకు వంశంలో వచ్చిన పని, దానికి కొన్ని పద్ధతులున్నాయి, అందులో మొదటిది పలుకు. మనిషి కిందికి దిగాక పైన గట్టు మీద ఒకరు కూర్చొని మధ్య మధ్యలో "ఉండావా?" అని కేకెయ్యాలి. కిందివాడు "ఉండా!" అని పలకాలి. లోతు పెరిగేకొద్దీ గాలి మందగిస్తుంది, మనిషికి తెలియకుండానే కళ్లు మూతలు పడతాయి, పలుకు రాలేదంటే పైవాళ్లు వెంటనే మోకు పట్టుకొని దిగాలి. పని అయ్యాక "ఎక్కిరా!" అని పిలవాలి. పైవాళ్లు ఎక్కిరా అననిదే కిందివాడు ఎక్కడు, మోకు ఎవరి చేతిలోనూ లేకుండా ఎక్కితే ఏమవుతుందో మా ఇళ్లల్లో అందరికీ తెలుసు. ఇక ఆఖరి పద్ధతి, మనిషి పైకి వచ్చాక ఆ బావిలోకి మళ్లీ పిలవకూడదు. ఎందుకు అని అడిగితే పెద్దవాళ్లు చెప్పేవాళ్లు కారు. బడికి సెలవులిస్తే ఆ గట్టు మీద కూర్చొని పలుకు కాసేది నేనే. ఆ కేక ఎంత గట్టిగా వేసేదాన్నో, పక్క చేలో గొర్రెలు కూడా తలెత్తి చూసేవి.

"నేను పిలిచేది నీకు వినపడతాందా మామా?" అని ఇప్పుడు అడుగుతాను, అడిగాక సిగ్గేస్తుంది.

"వినపడతాందా అంటాది సూడు!" మామ శనక్కాయలు పక్కన పెట్టేసి నా వైపు పూర్తిగా తిరుగుతాడు. "మరి నేను యాల ఈడ కూసోనుండా అనుకుంటివి? ఐసు మాదిరి బెంచీ మీద, బీడీ గూడా ముట్టించనియ్యని తావులో? గొంతు సూడు, బొంగురు పోయుండాది. నువ్వు పిలిచేది, నేను ఉండా అనేది. పొద్దున రెండు తూర్లు, సాయంత్రం రెండు తూర్లు. ఆదివారం సెలవని కూసుంటే ఆదివారం గూడా డ్యూటీ ఏసుకుంటివి!"

"ఓవర్‌టైమ్ మామా."

"నీ ఓవర్‌టైము సల్లగుండ."

నాకు నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. నేను ఊరికే ధైర్యానికి అనుకున్న మాటకు ఈయన ఇన్నాళ్లూ పలుకుతూ కూర్చున్నాడా? పలికినట్టు అనిపించేది, నిజంగా పలికేవాడా?

"నువ్వు యాడికో పోవాల్సి ఉండెనా?"

"ఉండె." చేత్తో పైకి చూపిస్తాడు, పైన స్టేషన్ కప్పు లేదు, గుండ్రంగా కోసిన చిన్న ఆకాశం ఉంది, బావి అడుగు నుంచి చూస్తే కనబడేంత. "సగం ఎక్కినా. అంతలోకి కిందినించి నీ కేక. ఖాళీ బావిలోకి పిలవగూడదని నీకు నేర్పించినానా లేదా?"

"నేర్పించినావు. ఎందుకని సెప్పలేదు."

"ఎందుకంటే ఎవురో ఒగరు పలుకుతారు గనక! ఎవురు పలుకుతారో ఎవురికి తెలుసు? నా కోడలు పిలిస్తే ఇంగెవురో పలకడమేంది అని నేనే దిగొస్తి. దిగినాక ఎక్కిరా అనేవోళ్లు లేకపాయిరి. కూసున్యా."

ఈ మాట ఆయన చాలా మామూలుగా అంటాడు, బస్సు తప్పిపోయి ఇంకో బస్సు కోసం కూర్చున్నా అన్నట్టు. మామ చెయ్యి పట్టుకుంటాను. ఆ చెయ్యి అలాగే ఉంది, మోకు రాసుకొని రాసుకొని అరచెయ్యి చెక్కలాగా గట్టిపడి, చిటికెనవేలు వంకర. చేతి నిండా ఎర్రమట్టి. నా డ్యూటీ ప్యాంటుకు అంటుతుంది, నేను దులపను.

"మట్టిలో పెట్టినాం గదా మామా. కిందుంటావనుకుంటి. అందుకే కిందికి వచ్చినప్పుడు పిలుస్తాంటి."

"తెలుసులే."

"నువ్వు పోతే నేను ఎవర్ని పిలవాల? ఈ పొద్దు ఒక్కదాన్నే ఆ సీకట్లోకి పోవాల. పిలిస్తే నువ్వు ఈడనే ఉండిపోతావు. పిలవకుంటే నా చెయ్యి ఆడదు. ఏం చేయాల నేను?"

మామ నా ముఖం వంక చూస్తాడు, చిన్నప్పుడు నేను లెక్క తప్పు చేస్తే చూసినట్టు, కోప్పడాలా ముద్దు చేయాలా తేలక. తర్వాత నెత్తి మీద మొట్టికాయ వేస్తాడు. నొప్పి పుడుతుంది, కలలో కూడా.

"నువ్వు మొత్తం తిరగేసినావే పిచ్చిదానా. ఇన్ని ఎండాకాలాలు గట్టు మీద కూసోని ఏం నేర్చుకుంటివి? పిలిచేది ఎవురు?"

"పైనుండేవోళ్లు."

"పలికేది?"

"దిగినోళ్లు."

"బండి తోలుకోని బూమిలోకి దిగేది ఎవురు? నేనా, నువ్వా?"

ఎంత తేలికైన సంగతి ఇది, గట్టు మీద కూర్చున్న చిన్నపిల్లకు కూడా తెలిసిన సంగతి. నేను ఎప్పుడూ పైనే కూర్చున్నాను, పిలవడమే అలవాటు, అందుకని కిందికి దిగాక కూడా పిలుస్తూనే ఉన్నాను. దిగినవాళ్లు పిలవరు. దిగినవాళ్లు పలకాలి.

"అయితే నన్ను ఎవురు పిలుస్తారు?"

"ఆ మాట నన్ను అడుగుతావేంది? పైన ఎవురుండారో సూసుకో. ఉంటారు. నీకు చెవులు కిందికి పెట్టుకునే అలవాటైపోయింది, పైకి పెట్టు."

పైనున్న గుండ్రటి ఆకాశంలో ఒక మబ్బు అడ్డంగా పోతుంది. నాకు తెలుసు, ఇప్పుడు నేను అనాల్సిన మాట ఒకటే ఉంది. ఆయనకూ తెలుసు. అందుకే ఏమీ తెలియనట్టు మిగిలిన శనక్కాయలన్నీ నాకే వలిచిపెడుతున్నాడు.

"ఒక్క షరతు," అంటాను.

"సెప్పు."

"నా బండి ఎక్కాల నువ్వు. ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేసినప్పుడు ఏమన్నావు? నువ్వు తోలే మొదటి బండికి నేనే మొదటి పాసింజర్ అన్నావు. ఊరికే మాటలు చెప్పి మంచం ఎక్కి పోయినావు."

"అంటినా?" గడ్డం గోక్కుంటాడు. "అంటే అంటినేమోలే. పద."

రైలు అప్పటికే వచ్చి ఆగి ఉంది, ఎప్పుడు వచ్చిందో తెలియదు. క్యాబిన్ తలుపు మా ఇంటి పెరటి తలుపులాగా కిర్రుమంటుంది. నా సీటు పక్కన సార్ నిలబడే చోట తట్ట బోర్లించి ఉంది, మామ దాని మీద కూర్చుంటాడు, అది తన కోసమే పెట్టినట్టు. వెనక్కి తిరిగి చూస్తే బోగీల నిండా ఆడవాళ్లు, ఒళ్లో ఇత్తడి బిందెలు, ప్లాస్టిక్ బిందెలు పెట్టుకొని ఓపిగ్గా కూర్చొని ఉన్నారు, అందరూ మామ బావులు తవ్విన ఊళ్లవాళ్లే, కొందరు నాకు తెలుసు. తలుపులు మూస్తాను. హ్యాండిల్ ముందుకు తోస్తాను. బండి కదులుతుంది.

సొరంగం గోడలు మొదట సిమెంటువి, తర్వాత మట్టివి. మామ కిటికీలోంచి చూస్తూ, తెలిసిన ఊళ్ల పేర్లు చెప్పినట్టు చెప్పుకుపోతాడు.

"ఎర్రమట్టి. ఇది తేలిక, పొద్దుగూకేలోపల మనిషి లోతు పోవచ్చు. ఇదో ఇది గరుసు, ఇది చేతులు తింటాది. ఇంగ సుద్ద, సూసినావా తెల్లగా? సుద్ద తగిలిందంటే కింద నీళ్లుంటాయని ఆశ. అబద్ధమాడతాది ఒగోసారి." ఆగుతాడు. "మన బావిలో అట్లనే సుద్ద తగిలింది."

మన బావి అంటే ఊళ్లో మా పెరట్లో ఆయన చివరగా తవ్వింది. బోర్లు వచ్చి బావుల పని పోయాక, చెయ్యి ఊరుకోక, అక్క ఇంట్లో తనే గునపం వేశాడు. సుద్ద దాటి రాయి వచ్చింది, నీళ్లు రాలేదు. నీళ్లు పడిన బావిలోకి ఇంటి ఆడపిల్లను తట్టలో కూర్చోబెట్టి మొదటి బిందె ముంచడానికి దించడం మా వాళ్ల వేడుక. ప్రతి ఊళ్లోనూ ఎవరి పిల్లనో దించేవాడు, నేను కాళ్లు నేలకేసి కొట్టి ఏడిస్తే, "నిన్ను మన బావిలో దింపుతా గదా, ఊరుకో" అనేవాడు.

"నిన్ను దించలేకపోతి," అంటాడు ఇప్పుడు, కిటికీ వైపే చూస్తూ. "అదొగటి ఉండిపాయె నాకు."

"దిగినాను గదా మామా. సూడు, నువ్వు తవ్విన బావులన్నిటికంటే లోతుకు దిగినా."

ఆయన చుట్టూ చూస్తాడు. డాష్‌బోర్డు మీది లైట్లు, ముందున్న పట్టాలు, నా చేతి కింది హ్యాండిల్, వెనక బిందెలతో కూర్చున్న జనం. చాలాసేపు చూస్తాడు. తువాలు విప్పి కళ్లు తుడుచుకొని మళ్లీ చుట్టుకుంటాడు.

"చెయ్యి వణకడంలేదే నీకు," అంటాడు తర్వాత.

చూసుకుంటాను. నిజమే. ఎప్పుడు ఆగిందో తెలియదు.

ముందు నలుపు పలచబడుతుంది. పట్టాలు వాలుగా పైకి లేస్తున్నాయి, సొరంగం చివర వెలుగు గుండ్రంగా, బావి నోరంత, పెద్దదవుతూ వస్తోంది. అక్కడికి చేరేలోగా నేను అనాలి. బండిని కాస్త నెమ్మది చేస్తాను, ఇంకాస్త నెమ్మది చేస్తాను. ఎందుకు చేస్తున్నానో ఆయనకు తెలుసు.

"వెనక జనముండారు కోడలా. టైముకు పోవాల."

"పోతాలే. ఉండు."

"ఉండా," అంటాడు, అలవాటు కొద్దీ, ఆ వెంటనే నవ్వుతాడు, నేనూ నవ్వుతాను, నవ్వుతూ ఉండగానే కళ్లు నిండిపోతాయి. నాకు ఈ మనిషంటే ఎంత ఇష్టమో ఎప్పుడూ చెప్పలేదు. మా ఇళ్లల్లో అలాంటివి చెప్పుకోరు. ఇప్పుడు చెబుతాను. "నువ్వంటే నాకు చానా ఇష్టం మామా. ఈరక్కత్త లేకుంటే నిన్నే చేసుకునుందును." ఆయన సిగ్గుపడి, "సాల్లే, బండి సూసుకో" అంటాడు.

వెలుగు క్యాబిన్ అద్దాన్ని తాకుతుంది. నేను గట్టు మీద కూర్చున్న చిన్నపిల్లనైనట్టు ఊపిరి నిండా తీసుకొని, గొర్రెలు తలెత్తి చూసేంత గట్టిగా అరుస్తాను.

"ఎక్కిరా మామా! ఎక్కిరా!"

తట్ట మీద ఎవరూ లేరు. మోకు గిలక మీద తిరుగుతున్న చప్పుడు పైకి, ఇంకా పైకి పోతోంది, ఆ తర్వాత అదీ వినబడదు. ఇంకొక్కసారి పిలవాలని నోటిదాకా వస్తుంది, ఉండావా అని, ఒక్కసారి. నాలుక కరుచుకుంటాను. మనిషి పైకి వచ్చాక పిలవకూడదు.

కళ్లు తెరిచేసరికి బెంగళూరు ఇంట్లో నా మంచం మీద ఉన్నాను. మధ్యాహ్నం. అన్నం తిని షిఫ్టుకు ముందు కాసేపు నడుం వాల్చాను, అంతే. నీలం డ్యూటీ డ్రెస్సు ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టి ఉంది, దాని మీద ఏ మట్టీ లేదు. ఫ్యాను తిరుగుతోంది. చెంపలు తడిగా ఉన్నాయి. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది, ఊరి నుంచి వచ్చి నాతో ఉంటున్న అమ్మ ఎక్కడుందో అలికిడి లేదు. నేను అలాగే పడుకొని ఇంటి కప్పు వైపు చూస్తున్నాను, పెదాల దాకా ఆ మాట మళ్లీ వస్తోంది, మళ్లీ ఆపుకుంటున్నాను.

అప్పుడు మిద్దె మీద నుంచి, మెట్ల గుండా కిందికి మా అమ్మ కేక వినబడింది. తమ్ముడు పోయినప్పటి నుంచి గొంతెత్తి మాట్లాడని మా అమ్మ.

"మ్మేయ్ వేణీ! ఉండావా?"

లేచి కూర్చున్నాను. చెవులు పైకి పెట్టమన్నాడు కదా.

"ఉండా!" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో, ఎదురింటి కుక్క మొరిగింది.

"ఉంటే ఎక్కిరా బిరీన! వాన పడతాంది, బట్టలు తీయాల!"

చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కాను.